ఆండ్రూకి పోసిన నీళ్ళు

మా గ్లోరియా గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ వేసవిలోనూ వినలేదు. గొంతు పెంచకుండానే మా అందరి నోళ్ళూ మూయించింది. ఆ సంగతి చెప్పాలనే ఇప్పుడు కూర్చున్నాను.

దోహాలోని అబూ హమూర్‌లో ఒక పాత విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చారు. వెనక వాటా మాది, ముందు వాటా ఆండ్రూ వాళ్ళది. మధ్య గోడ అని పేరుకే గాని అది ఉత్త అట్ట. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. వాళ్ళది రాజోలు పక్క పల్లె, మాది గుడివాడ పక్క. ఆండ్రూ రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు టెక్నీషియన్. గ్లోరియా ఇక్కడి ఇండియన్ స్కూల్లో చంటిపిల్లల టీచర్. ఆండ్రూ తమ్ముడు జాషువా వాళ్ళతోనే ఉంటూ కూరగాయల హోల్‌సేల్ మార్కెట్ దగ్గర ఒక స్టోర్‌లో పని చేసేవాడు. నేను అల్ సద్‌లో ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుంటాను. మా ఆయన నిత్యానందం గురించి తర్వాత చెబుతాను. ఆయన సంగతి ఎత్తుకుంటే ఓ పట్టాన తెమలదు.

దోహాలో మాకు ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. ఆరాధన శుక్రవారమే, సండే స్కూలూ శుక్రవారమే. ఆ జూన్ శుక్రవారం పొద్దున్న నైట్ డ్యూటీ దిగి ఆండ్రూ కంపెనీ బస్సులో వచ్చాడు. నేను, మా ఆయన, గ్లోరియా అప్పుడే కారెక్కుతున్నాం. ముఖం బాగా వాడిపోయి ఉంది, నవ్వు మాత్రం ఉంది. "అక్కా, ప్రసంగం పొడుగైతే నా వంతు కునుకు కూడా మీరే తీసేయండి" అన్నాడు నాతో. గ్లోరియా నవ్వి, ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో ఉన్నాయని చెప్పింది. అదే వాళ్ళిద్దరి ఆఖరి మాట. ఇడ్లీల గురించి.

జాషువా అప్పటికి ఫుట్‌బాల్‌కి పోయి ఉన్నాడు. ఎండ ముదరకముందే ఆడుకుని రావడం అలవాటు. తిరిగి వచ్చి చూస్తే బాత్రూమ్ గుమ్మంలో అన్న బోర్లా పడి ఉన్నాడు. నుదుటి మీద దెబ్బ. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. జాషువా మాకు ఫోన్ చేశాడు, మళ్ళీ చేశాడు, చేస్తూనే ఉన్నాడు. ఆరాధనలో ఉన్నాం, ముగ్గురి ఫోన్లూ మూగగా పడున్నాయి. ఇక ఏం చేయాలో తెలియక, తనకు తెలిసిన పని చేశాడు.

ఆశీర్వాదం అయ్యాక ఫోన్ చూసుకుని మేం పరుగెత్తాం. దారిలోనే మా ఆయన అంబులెన్సుకి చెప్పారు. మేం లోపలికి వెళ్ళేసరికి ఆండ్రూ మంచం మీద తిన్నగా పడుకుని ఉన్నాడు. తల దువ్వి ఉంది, ఇంకా తడిగానే ఉంది. తెల్ల చొక్కా, గడ్డం కింద నుంచి నెత్తి మీదకి కట్టిన చేతిరుమాలు, కాలి బొటనవేళ్ళకు కలిపి కట్టిన దారం. గదంతా డెట్టాల్ వాసన. జాషువా బాత్రూమ్ గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని నేల తుడుస్తున్నాడు.

"అన్నయ్యని అలా ఎవరూ చూడకూడదు వదినా" అన్నాడు. "నీళ్ళు కాచే పోశాను."

ఆ కుర్రాడిని ఎవరైనా ఏమంటారు? మా వైపు పోయినవాళ్ళకి స్నానం సొంతవాళ్ళే చేయించాలి, అదీ పరాయి కళ్ళు పడకముందే. మా అమ్మకి నేను పోశాను, మా నాన్నకి మా అన్నయ్య పోశాడు. ఊళ్ళో అయితే జాషువాను మెచ్చుకునేవారు. గ్లోరియా కూడా ఆ క్షణంలో వాడి తల మీద చెయ్యి వేసిందే గాని ఒక్క మాట అనలేదు. తర్వాత మంచం పక్కన నేల మీద కూర్చుని ఆండ్రూ చెయ్యి పట్టుకుంది.

అంబులెన్సువాళ్ళు చూశారు, తడి జుట్టు చూశారు, నుదుటి మీద దెబ్బ చూశారు. ఇంక దేన్నీ ముట్టుకోకండని మమ్మల్ని బయటికి పంపి పోలీసుల్ని పిలిచారు. వచ్చినవాళ్ళు మర్యాదగానే ఉన్నారు. ఎక్కడ పోయాడని అడిగారు. జాషువా మంచం చూపించాడు. నిద్రలోనే పోయాడని చెప్పాడు. అన్న బాత్రూమ్‌లో పోయాడని నలుగురిలో చెప్పడానికి సిగ్గు, నేల ఎందుకు కడిగావంటారేమోనని భయం. ఆ రెండూ కలిసి వాడి చేత అబద్ధం ఆడించాయి. నిద్రలో పోయిన మనిషికి నుదుటి మీద దెబ్బ ఎలా తగిలిందని వాళ్ళు అడిగితే వాడు మళ్ళీ మంచమే చూపించాడు. శవాన్ని మార్చురీకి, జాషువాను స్టేషన్‌కి తీసుకెళ్ళారు. కారెక్కించే ముందు వాడి చేతిలో ఒక నీళ్ళ బాటిల్ పెట్టారు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మా ఆయన సంగతి. మా చర్చిలో ఎవరి ఇంట చావు జరిగినా ముందు నిత్యానందంగారికే ఫోన్ వస్తుంది. ఎంబసీలో ఎవర్ని కలవాలి, పెట్టె ఎక్కడ చేయించాలి, ఏ విమానంలో పంపాలి అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మంచి మనిషే, కాదనను. కానీ ఆయన సాగనంపినవాళ్ళందరూ ఆస్పత్రి మంచాల మీద, డాక్టర్ల చేతుల్లో పోయినవాళ్ళు. ఇంట్లో, ఎవరూ చూడకుండా పోయినవాడి సంగతి ఆయనకూ కొత్తే. కొత్త అని ఒప్పుకోవడం మాత్రం ఆయనకి చేతకాదు.

మధ్యాహ్నానికి మా హాలు చర్చివాళ్ళతో నిండిపోయింది. అక్కడ తేల్చింది ఇది. అందరిదీ ఒకటే మాట కావాలి. ఆండ్రూ నిద్రలో పోయాడు, గుండెపోటు. నుదుటిది గోడకు తగిలిన పాత దెబ్బ. మాట ఒక్కటైతే రెండు మూడు రోజుల్లో కాగితాలు తెముల్తాయి, జాషువా బయటపడతాడు, ఆండ్రూ ఊరు చేరతాడు. మాట తేడా పడితే వాడు కటకటాల్లో, వీడు మార్చురీలో. మధ్యలో ఊరి నుంచి ఆండ్రూ తల్లి దయమ్మగారి ఫోన్. ఆవిడ ఏడుస్తూ ఒకటే అడిగింది, నా బిడ్డ మీద కత్తి పెట్టనివ్వద్దు, నా బిడ్డను నాకు నిండుగా పంపండి అని. స్పీకర్‌లో ఆ గొంతు విని మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. గ్లోరియా అన్నీ విన్నది. ఎవరికీ అవుననలేదు, కాదనలేదు.

పోలీసులు గదిని మర్నాడు మళ్ళీ చూస్తామని చెప్పి వెళ్ళారు. ఆండ్రూ వాళ్ళ వంటింటి పక్కనున్న వాషింగ్ మెషీన్‌ను వాళ్ళు గమనించలేదు. మా ఆయన గమనించారు. అందులో ఆండ్రూ డ్యూటీ బట్టలు, జాషువా నేల తుడిచిన గుడ్డలు, ఒక తువ్వాలు ఉన్నాయి. తువ్వాలు మీద మరక ఉంది. మా ఆయన సబ్బు పొడి వేసి తలుపు మూశారు. ఆ కుర్రాడిని కాపాడాలన్న ఆత్రమే గాని ఆయన మనసులో మరేమీ లేదు.

గ్లోరియా ఎప్పుడొచ్చిందో, మెషీన్‌కీ ఆయనకీ మధ్యకి వచ్చి నిలబడింది.

"ఆ బటన్ నొక్కకండి అన్నయ్యా" అంది.

జాషువా ఇరుక్కుంటాడమ్మా అన్నారు ఈయన. వాడు ఇప్పటికే ఇరుక్కున్నాడు, అబద్ధంలో, అంది గ్లోరియా. మనం ఇంకొకటి ఆడితే ఇంకా లోతుకు పోతాడు. వాడు అన్నయ్యను ఏమీ చెయ్యలేదని మనందరికీ తెలుసు, మరి తెలిసినవాళ్ళం ఎందుకు కడగాలి అంది. మా ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశారు. పెళ్ళయినప్పటి నుంచి నేను ఎంత ప్రయత్నించినా చేయలేని పని అది. ఆమె ఆ వాటా తలుపుకు తాళం వేసి, తాళంచెవి నాకివ్వమన్నా ఇవ్వక తన గుప్పిట్లోనే పెట్టుకుని ఆ పూట మా ఇంట్లో పడుకుంది.

ఆండ్రూ కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మందూబ్ ముజఫ్ఫర్ అలీ మర్నాడు వచ్చాడు. కరీంనగర్ మనిషి. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉండి అరబీ నీళ్ళలా మాట్లాడతాడు. స్టేషన్‌కి పోయే దారిలో గ్లోరియా అతన్ని ఒక్కటొక్కటిగా అడిగింది. పోయినవాళ్ళని డాక్టర్ చూడటమంటే ఏమిటి, ఎవరు చెబితే చూస్తారు, మాకు చెబుతారా చెప్పరా. అతను తొందరపడకుండా చెప్పుకొచ్చాడు. ఇంట్లో ఉట్టినే పోయిన మనిషిని ప్రభుత్వ డాక్టర్ చూస్తాడు, ముందు పైపైన చూస్తాడు, కారణం దొరక్కపోతే లోపల కూడా చూడాలంటాడు. అది మీ మీద కేసు పెట్టినట్టు కాదు.

"ఆయనకు ఏం మందులున్నయ్, ఛాతీల నొప్పి అన్నడా, వాళ్ళింట్ల ఇట్ల ఎవరన్న పోయిండ్రా, అన్నీ చెప్పుండ్రి మేడం" అన్నాడు. "ఎరుకున్నది చెప్పుండ్రి. ఎరుకలేంది ఎరుకలేదనుండ్రి. గంతే."

మా ఆయన కారు నడిపారు. స్టేషన్ దగ్గర లోపలికి ముజఫ్ఫర్ అలీ, గ్లోరియా, నేను మాత్రమే వెళ్ళాం.

ఆఫీసరుకు నడివయసు ఉంటుంది. గ్లోరియాను కూర్చోమని, చాయ్ తెప్పించి, ఆమె తాగదని తెలిసినా కప్పు ఆమె ముందే ఉంచాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది.

"మా మరిది మీకు చెప్పింది నిజం కాదండి. మా ఆయన మంచం మీద పోలేదు. బాత్రూమ్ గుమ్మంలో పడి ఉంటే జాషువా మోసుకొచ్చాడు. స్నానం చేయించాడు, నేల కడిగాడు. తీసిన బట్టలు మెషీన్‌లో ఉన్నాయి, ఉతకలేదు. ఇంటికి తాళం వేసి వచ్చాను."

ముజఫ్ఫర్ అలీ వెంటనే అరబీలోకి మార్చలేదు. ఆమె వైపు తిరిగి, "చెప్పెయ్యాల్నా మేడం?" అని మెల్లగా అడిగాడు.

"చెప్పండి" అంటూ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

అంతా విన్నాక ఆఫీసరు ఎందుకు కడిగాడని అడిగాడు. మా ఆచారం చెప్పింది. అతనికి నమ్మకం కుదిరినట్టు లేదు. ఎవరు పోస్తారు, ఎలా పోస్తారు అన్నాడు. అప్పుడు గ్లోరియా లేచి నిలబడింది. ఎడమ మోచేతి మీద తల ఎలా ఆనించుకుంటారో చూపించింది. చెవుల్లోకి, ముక్కులోకి నీళ్ళు పోకుండా అరచెయ్యి ఎలా అడ్డం పెడతారో చూపించింది. నడుం మీద గుడ్డ తియ్యకుండా ఎలా పోస్తారో, తుడిచాక గడ్డం కింద రుమాలు ఎలా కడతారో, అన్నీ చూపించింది. ఆ గాలిలో ఆమె చేతుల మధ్య ఆండ్రూ ఉన్నట్టే అనిపించింది నాకు. అంతకుముందు రోజు తను చేయించలేకపోయిన స్నానం ఆమె అక్కడ, ఆ ఆఫీసు గదిలో చేయించింది. ముఖం మీద ఒక్క చుక్క కన్నీరు లేదు. ఇలాంటి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే ఆమెకూ తెలియదు.

ఆఫీసరు తల దించుకుని ఏదో అన్నాడు. ముజఫ్ఫర్ అలీ తెలుగులో చెప్పాడు.

"వాళ్ళ నాయిన పోతే ఈయనే నీళ్ళు పోసిండంట. మేం గూడ పోస్తం అంటున్నరు. గాని ముందుగాల డాక్టర్ సూడాలె, ఆ తర్వాత నీళ్ళు అంటున్నరు."

లోపల కూడా చూడాల్సి వస్తే ఇంట్లోవాళ్ళకి అభ్యంతరం ఉందా అని అడిగాడు ఆఫీసరు. మా అత్తగారు వద్దంటున్నారు, ఆవిడ మాట కూడా రాసుకోండి, కానీ నేను భార్యను, ఆయన ఎందుకు పోయారో నాకు తెలియాలి అంది గ్లోరియా. తర్వాత జాషువాను తీసుకొచ్చారు. వాడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నేను చెప్పేశాను, ఇంక నువ్వూ చెప్పు అని లేవదీసింది. వాడు చెప్పాడు. ఫుట్‌బాల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి రుమాలు ముడి దాకా, వెక్కుతూ చెప్పాడు.

బయటికి వచ్చాక మా ఆయన ఏం చెప్పారని అడిగారు. నిజం అన్నాను.

దయమ్మగారికి ఎవరి చేతా చెప్పించకుండా గ్లోరియాయే ఫోన్ చేసి చెప్పింది. అవతల నుంచి వచ్చిన మాటలు గోడ ఇవతల నాకు కూడా వినిపించాయి.

"నా బిడ్డను కోయిస్తున్నావు. ఇయ్యాల్టి నుంచి నన్ను అత్తయ్యా అని పిలవకు."

తర్వాత ఎదురుచూపు. బయట పని చేసేవాళ్ళకు మధ్యాహ్నాలు సెలవిచ్చే ఎండలు అవి. జాషువాను ఇంటికి పంపారు గాని పిలిస్తే రావాలన్నారు, తేలేదాకా దేశం దాటకూడదన్నారు. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. మొగుణ్ణి కోయించిందని కొందరు, మరిది మీద అనుమానం ఉండే చేసిందని కొందరు. అలా అన్న ఒకావిడకి నేను వాకిట్లోనే బుద్ధి చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను, ఆరాధన రోజు అనకూడని మాటలవి.

నేను రోజూ ఒక డబ్బాలో అన్నం, కూర పెట్టి గ్లోరియాకు ఇచ్చేదాన్ని. తిన్నావా అంటే తిన్నానక్కా అనేది. డబ్బా తళతళా కడిగి తిరిగి ఇచ్చేది. వాళ్ళ చెత్తబుట్టలో నా అన్నం నా కంట పడుతూనే ఉండేది. పోలీసు దగ్గర ఆడని అబద్ధం నా దగ్గర రోజూ ఆడేది. నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని.

జూలై ముదిరాక డాక్టర్ పిలిచాడు. జాషువా బయట కుర్చీలో కూర్చున్నాడు, గ్లోరియా, నేను లోపలికి వెళ్ళాం. ఆయన తేలిక ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పాడు. ఆండ్రూ గుండె గోడ పుట్టుకతోనే మందంగా పెరిగిన రకం. అలాంటి గుండె ఏ హెచ్చరికా లేకుండా ఒక రోజు ఆగిపోవచ్చు. ఆగాకే పడ్డాడు, పడ్డప్పుడే ఆ దెబ్బ. ఇందులో ఎవరి చెయ్యీ లేదు, అదే రాసి పంపానన్నాడు. ఎవరైనా ఇంట్లో ఉంటే బతికేవాడా అని గ్లోరియా అడిగింది. చెప్పలేనన్నాడు. ఓదార్పు కోసం కూడా ఆయన మరోలా చెప్పలేదు. ఆమె తలూపింది.

లేవబోతుంటే ఆయన ఆపాడు. పిల్లలున్నారా అన్నాడు. లేరంది. తోడబుట్టినవాళ్ళు?

ఒక తమ్ముడు, బయటే కూర్చున్నాడంది.

డాక్టర్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. ఇది రక్తసంబంధంలో నడుస్తుంది, అతని గుండెకు వెంటనే స్కాన్ తీయించండి, అంతవరకు పరుగెత్తనివ్వకండి అన్నాడు.

స్కాన్ మా క్లినిక్‌లోనే తీయించాం. రిసెప్షన్‌లో కూర్చుని ఎంతమంది పేర్లు పిలిచానో, ఆ రోజు జాషువా పేరు పిలవడానికి నాకు నోరు రాలేదు. గ్లోరియాయే పిలిచి లోపలికి తీసుకెళ్ళింది. అన్నకున్నదే తమ్ముడికీ ఉంది. ఇంకా ముదరలేదు, మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి, ఏడాదికోసారి చూసుకుంటూ బతకొచ్చన్నారు. ఫుట్‌బాల్ ఆడుతూ రెండుసార్లు కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాడట. ఎండ దెబ్బ అనుకున్నాను వదినా అన్నాడు. కాస్త ఆగి, ఆ రోజు మెషీన్ ఆన్ చేసి, నిద్రలోనే పోయాడని చెప్పి ఉంటే మనకి ఇది తెలిసేది కాదు కదా అన్నాడు. అప్పుడు మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. తిరిగి ముఖం కడుక్కుని వచ్చారు.

మార్చురీలో నీళ్ళు పోయనివ్వలేదు. వాళ్ళు చేయాల్సింది చేసేశారు. తల దువ్వనిచ్చారు. జాషువా ముందు అడిగి, వాళ్ళు సరేనన్నాకే దువ్వెన తీశాడు. అదే తెల్ల చొక్కా తొడిగారు. వదినా మరిదీ కలిసి ఆండ్రూని ఊరికి తీసుకెళ్ళి సమాధి చేసి వచ్చారు. అక్కడ దయమ్మగారు పెట్టె మీద పడి ఏడ్చింది, చిన్నకొడుకును వాటేసుకుంది, కోడలి ముఖం చూడలేదు. చిన్నవాడి జబ్బు సంగతి గ్లోరియా చెబుతుంటే ముఖం గోడ వైపు తిప్పుకుందట. విన్నదో లేదో తెలియలేదక్కా అని నాతో అంది.

సెప్టెంబరులో స్కూళ్ళు తెరిచారు. గ్లోరియా పనిలో పడింది. జాషువా ఫుట్‌బాల్ మానేసి పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ మెల్లగా నడుస్తున్నాడు. కాసేపు ఆడతానని గొణుగుతాడు, వదిన ఒక్క చూపు చూస్తే మళ్ళీ నడుస్తాడు. చర్చిలో ఎవరో ఇంట్లో పోతే మా ఆయన ఫోన్‌లో ముందు చెప్పే మాట ఇప్పుడు మారింది. ఏదీ ముట్టుకోకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అంటున్నారు. అది తన సొంత తెలివేనన్నట్టు చెబుతారు. నేను కాదనడం లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం మేమందరం వాకిట్లో కూర్చున్నాం. గాలి కాస్త చల్లబడింది. గ్లోరియా ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. స్పీకర్‌లో పెట్టింది, తన ఒక్కదానికే వినే ధైర్యం లేక కాబోలు.

దయమ్మగారు బాగున్నావా అనలేదు.

"చిన్నోడు మందేసుకున్నాడా?"

"వేసుకున్నాడండి."

"నువ్వు చూసేవా?"

"నా చేత్తోనే ఇచ్చాను."

అవతల ఊరి కుక్కల అరుపులు వినిపిస్తున్నాయి. జాషువా తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"నువ్వు తిన్నావా?" అంది దయమ్మగారు.

మధ్యాహ్నం నేనిచ్చిన డబ్బా గ్లోరియా పక్కనే, శుభ్రంగా కడిగి పెట్టి ఉంది. ఆమె దాని వైపు చూసింది, నా వైపు చూసింది.

"లేదు అత్తయ్యా" అంది.